శ్రీనివాస రామానుజన్ గారి కృతజ్ఞత

మహనీయుల చరిత్రములను వ్రాయువారు సాధారణముగా వారి విజయములను ముందు నిలిపి, వ్యాధిని మరణమును తుది రెండు పంక్తులలో ముగించెదరు. గణితశాస్త్రవేత్తయగు శ్రీనివాస రామానుజన్ గారి కథను మనలో ననేకులు ఆ రీతిగనే వినియున్నారు. పేదయింటి పుట్టుక, గురువు లేని విద్య, సీమ ప్రయాణము, కీర్తి, అకాల మరణము: ఇంతటితో కథ ముగియును. మేము ఈ వ్యాసమున ఆ తుది రెండు పంక్తులనే విప్పి చెప్పదలచితిమి. ముప్పది యేండ్లు నిండకమునుపే తీరని రోగమున బడి, ముప్పదిరెండేండ్ల ప్రాయమున తనువు చాలించిన వీరు, తమకు మిగిలిన కొద్దికాలమును ఎట్లు వినియోగించిరో, తాము పొందిన సాయమును ఎట్లు తలపోసిరో తెలిసికొనుట మన యువజనులకును, వారి తలిదండ్రులకును, విద్యార్థి వేతన నిధులను నడపు పెద్దలకును ప్రయోజనకరమని మా విశ్వాసము.

రామానుజన్ గారు 1887వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన ఈరోడు పట్టణమున జన్మించిరి. పెరిగినది కావేరీతీరమందలి కుంభకోణము. తండ్రి శ్రీనివాసయ్యంగారు బట్టల వర్తకుని కొట్టులో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ దేవాలయమున భజనలు పాడి సంసారమునకు కొంత తోడ్పడుచుండెను. 1903లో కార్ అను నాంగ్లేయుడు కూర్చిన గణితసూత్రముల గ్రంథ మొకటి బాలుని చేతబడినది. నిరూపణములు కొలదిగ మాత్రమే గల ఆ గ్రంథమందలి వేలకొలది సూత్రములను తమంతట తామే సాధించుచు వీరు గణితమున మునిగిపోయిరి. 1904లో కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో విద్యార్థి వేతనముతో ప్రవేశించిరి. కాని గణితము తప్ప తక్కిన పాఠ్యములపై మనసు నిలువనందున ఆ వేతనము పోయెను. జీతము కట్టి చదివించుటకు ఇంట ధనము లేదు. 1905లో ఎవరికిని చెప్పక ఇల్లు విడిచి విశాఖపట్టణమునకు వెడలిపోయిరి. తెలుగు నేలతో వీరికి గలిగిన తొలి సంబంధ మిది. ఓడిపోయిన పదునేడేండ్ల బాలుని అజ్ఞాతవాసము. మరుసటి సంవత్సరము మదరాసు పచ్చయప్ప కళాశాలలో చేరిరి. 1907లో ఎఫ్.ఏ. పరీక్ష తప్పిరి. అంతటితో కళాశాల చదువు ముగిసినది.

జీతము కట్టలేక చదువు పోగొట్టుకొనిన ఈ బాలుని పాఠకులు గుర్తుంచుకొనవలెను. పదునాలుగేండ్ల పిమ్మట రోగశయ్యనుండి వీరు వ్రాసిన ఒక లేఖకు మూలము ఇచ్చటనే కలదు.

1909లో జానకి యను బాలికతో వివాహమయ్యెను. కాగితము కొనుటకు డబ్బు చాలక వీరు పలకపై లెక్కలు వ్రాసి, మోచేతితో తుడిచి, తుది ఫలితమును మాత్రము నోటుపుస్తకమున ఎక్కించుకొనెడివారు. ఉద్యోగము వెదకికొనుచు 1910 తుదిని, నాడు నెల్లూరు కలెక్టరుగ నుండిన ఆర్. రామచంద్రరావు గారిని దర్శించిరి. ఆ నోటుపుస్తకమందలి విషయము తొలుత బోధపడకపోయినను, మరల మరల పిలిపించి విని, ఈ యువకుడు సామాన్యుడు కాడని రావు గారు గ్రహించిరి. తమ సొంత ధనమునుండి నెలకు 25 రూపాయలు పంపుచు వచ్చిరి. అయినను ఒకరి దయపై ఊరక కూర్చుండి భుజించుటకు రామానుజన్ గారి మనసొప్పలేదు. 1912 మార్చిలో మదరాసు పోర్టు ట్రస్టు కచేరిలో నెలకు 30 రూపాయల జీతముపై గుమాస్తా పనిలో చేరిరి. అచ్చటి అధ్యక్షుడు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగు దొరయు, కార్యాలయపు పెద్దలలో నొకరగు నారాయణయ్యరు గారును వీరికి అండగా నిలిచిరి.

1913 జనవరిలో వీరు కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునకు తమ సూత్రములు కొన్ని వ్రాసి పంపిరి. వాని విలువను హార్డీ గుర్తించెను. ఆ సంవత్సరముననే మదరాసు విశ్వవిద్యాలయము నెలకు 75 రూపాయల వేతన మేర్పరచెను. 1914 మార్చి 17వ తేదీన వీరు మదరాసులో ఓడ నెక్కిరి. ట్రినిటీ కళాశాలలో హార్డీతో గూడి మూడేండ్లు చేసిన కృషి గణితలోకమున నేటికిని నిలిచియున్నది. కాని వీరు సీమ చేరిన కొలది నెలలకే మహాయుద్ధ మారంభమయ్యెను. శాకాహార నియమమును విడువని వీరికి తగిన కూరగాయలు దొరకుట దుర్లభమయ్యెను. తామే వండుకొనుచు, ఒక్కొక్కప్పుడు రాత్రింబగళ్ళు విడువక పనిచేయుచు, వేళతప్పి భుజించుచు వచ్చిరి. చలి దేశము, ఇంటినుండి ఉత్తరములును అరుదయ్యెను. 1917 వసంతమున శరీరము కూలినది.

వైద్యులు పలువిధముల తలచి, తుదకు క్షయ యని యెంచి చికిత్స చేసిరి. కేంబ్రిడ్జిలోని చికిత్సాలయమునుండి మెండిప్ కొండలలోని శానిటోరియమునకు, అచ్చటనుండి డెర్బీషైర్ లోని మాట్లాకునకు, పిమ్మట లండనునకు వీరి నివాసము మారుచుండెను. ఆ కాలపు క్షయ చికిత్సకు ప్రధానమైనది చల్లగాలి. కిటికీలు తెరచిన గదులలో, కుంభకోణపు ఎండలో పెరిగిన దేహము వణకుచుండెను. తెలియని భాషలో వండినట్లుండు భోజనము, ఆత్మీయులు లేని పడక, చేతికి అందని పని. ఇంతటి బాధకు మనసు తట్టుకొనునా? 1918 ప్రారంభమున లండను నగరమున వీరు ప్రాణత్యాగమునకు పూనుకొనిరి. దైవవశమున బ్రదికిరి. పోలీసువారు పట్టుకొనిపోగా హార్డీ వెళ్ళి విడిపించెను.

ఈ సంగతిని దాచిపెట్టవలెనని కొందరనవచ్చును. మేమట్లు తలపము. మహనీయులు రోగమును చిరునవ్వుతో భరించిరని వ్రాయుట సులభము. అది చదివిన రోగి తనకు ఆ చిరునవ్వు రానందున తాను అల్పుడనని కుమిలిపోవును. ఇంతటి ధీమంతుడును ఒకనాడు బ్రదుకు మీద ఆశ విడిచెను. పిమ్మట ఏడాది తిరుగకమున్నే, రోగము తగ్గకయే, వేరొక చిత్తవృత్తితో కలము పట్టెను. ఈ రెంటికి నడుమ గడచిన కాలమే మా దృష్టిలో వీరి చరిత్రమున మిక్కిలి విలువైనది.

ఆ నడుమ ఏమి జరిగినది? 1918 మే నెలలో వీరు రాయల్ సొసైటీ సభ్యులుగ ఎన్నుకొనబడిరి. ఆ అక్టోబరున ట్రినిటీ కళాశాల ఫెలోగ ఎన్నికైరి. ఆ గౌరవము నొందిన తొలి భారతీయులు వీరే. ఆ పదవితో ఆరేండ్లపాటు ఏటేట 250 పౌనులు లభించును. చేయవలసిన ఉద్యోగ బాధ్యత ఏదియు లేదు. మదరాసు విశ్వవిద్యాలయమును ఏటికి 250 పౌనులు ఇచ్చుటకు నిశ్చయించెను. గౌరవములు ఔషధములు కావు; జ్వరము వచ్చుచునే యుండెను. అయినను తమ కృషి వ్యర్థము కాలేదని, తమకొరకు శ్రమపడువారు దూరదేశమున కూడ ఉన్నారని రోగికి తెలిసినది. లండను చేరువనున్న పట్నీలోని చికిత్సాలయమునకు హార్డీ చూడవచ్చినప్పుడు జరిగిన సంభాషణము లోకప్రసిద్ధము. తాను వచ్చిన మోటారుబండి సంఖ్య 1729 యని, అందు విశేష మేమియు కానరాదని హార్డీ అనగా, రెండు ఘనముల మొత్తముగ రెండు విధముల చెప్పదగిన సంఖ్యలలో అదియే మిక్కిలి చిన్నదని రోగి వెంటనే చెప్పెను. 12 యొక్క ఘనమునకు 1 కలిపినను, 10 యొక్క ఘనమునకు 9 యొక్క ఘనము కలిపినను 1729 యగును. ఈ కథను చమత్కారముగ చెప్పుకొందుము. కాని పడకపై నున్న మనుష్యుడు తన రోగమును గూర్చి గాక, తలుపు బయట నిలిచిన బండి సంఖ్యను గూర్చి ముచ్చటపడుట అందలి అసలు విశేషము. లోకముపై ప్రీతి మరల చిగిర్చినది.

ఇక మేము పైన సూచించిన లేఖ. 1919 జనవరి 11వ తేదీన వీరు మదరాసు విశ్వవిద్యాలయపు రిజిస్ట్రారు గారికి, వారు చేయనెంచిన ధనసహాయమును వందనములతో అంగీకరించుచు వ్రాసిరి. అందలి భావ మిది. స్వదేశము చేరిన పిమ్మట తమకు రాదగు మొత్తము తమ అవసరములకు మించియుండునట. సీమలోని ఖర్చులు తీరిన తరువాత తమ తలిదండ్రులకు ఏటికి 50 పౌనులు చెల్లింపవలెనట. తమకు అత్యవసరమైనది పోగా మిగిలిన ధనమును విద్యావిషయమున వినియోగింపవలెనట. అందును ముఖ్యముగ పేదపిల్లలకును అనాథలకును బడిజీతములు తగ్గించుటకును, పాఠశాలలకు పుస్తకములు కొనుటకును అది చెందవలెనట. అనారోగ్యముచే గడచిన రెండేండ్లలో మునుపటివలె గణితకృషి చేయజాలనైతినని విచారించి, పొందిన సాయమునకు తగినవాడ నగుటకు శక్తికొలది యత్నింతునని ముగించిరి.

ముప్పదియొక్క యేండ్ల వయస్సు. దేహమున రోగము. ఏడేండ్ల క్రిందట నెలకు 30 రూపాయల గుమాస్తా. ఇట్టివాడు తొలిసారిగ చేతికి ధనము వచ్చుచున్నదని తెలిసిన వెంటనే లెక్క వేసెను. ఆ లెక్క మిక్కిలి సామాన్యమైనది: నాకు కావలసిన దెంత, కన్నవారికి ఈయవలసిన దెంత, మిగిలినది ఎవరిది? మిగిలినది తనది కాదని తేల్చెను. అది ఎవరిదో వెదకుటకు వీరు దూరము పోలేదు. జీతము కట్టలేక 1905లో ఇల్లు విడిచి విశాఖపట్టణమునకు పోయిన బాలుడు ఎచ్చట నిలిచెనో, అచ్చట నిలిచియున్న తక్కిన బాలురకు దానిని ఒప్పగించెను.

కృతజ్ఞత యనగా మేలుచేసినవానికి చేతులు జోడించుటయే యని మనము తలచెదము. అది మొదటి మెట్టు. రామచంద్రరావు గారు, స్ప్రింగు దొర, నారాయణయ్యరు గారు, హార్డీ పండితుడు, వీరెవరును రామానుజన్ గారినుండి ధనము తిరిగి కోరినవారు కారు. వారి ఋణము వారికి తీర్చుట సాధ్యము కాదు. అట్టి ఋణమును ముందు తరమునకు చెల్లింపవలెను. రోగశయ్యపై ఈ యువకునకు దొరకిన సత్య మిది. ఆయువు తక్కువయని తెలిసినకొలది మనము నాకేమి మిగిలినదని వగతుము. వీరు నాయొద్ద మిగిలినది ఎవరికి చెల్లునని చూచిరి.

ఈ లేఖ వ్రాసిన కాలముననే వీరి గణితపరిశోధనయు కొనసాగుచుండెను. సంఖ్యావిభాగములను గూర్చి వీరు కనుగొనిన వింతను సామాన్యులును గ్రహింపవచ్చును. 4 అను సంఖ్యను 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1 అని 5 విధముల విడదీయవచ్చును. 9ని 30 విధముల, 14ను 135 విధముల, 19ని 490 విధముల విడదీయవచ్చును. 4 మొదలుకొని ఐదేసి హెచ్చు ఏ సంఖ్యను తీసికొనినను, దాని విభాగముల లెక్క 5చే శేషము లేక భాగింపబడును. సంఖ్య పెరిగినకొలది ఆ లెక్క ఊహకందనిదగును; 200ను విడదీయు విధముల లెక్క పదుమూడంకెల సంఖ్య. అంతటి కల్లోలమున ఇంతటి క్రమము దాగియున్నదని చూపిన వ్యాసము 1919లో వెలువడినది.

యుద్ధము ముగిసినందున 1919 ఫిబ్రవరి 27వ తేదీన వీరు నగోయా యను నౌకలో బయలుదేరి మార్చి 27వ తేదీన బొంబాయి చేరిరి. మదరాసున కొంతకాలము, కావేరీతీరమందలి కొడుముడియందు కొంతకాలము, పిమ్మట కుంభకోణమున నివసించిరి. కన్నవారిని, కావేరిని, అలవాటైన భోజనమును చేరినను రోగము వెనుకకు తిరుగలేదు. ఐదేండ్ల యెడబాటు తరువాత భర్తను చూచిన జానకి అమ్మాళ్ అప్పటికి ఇరువది యేండ్ల పడుచు. వేడినీటితో కాపడము పెట్టుట, పథ్యము చూచుట ఆమె పని. నొప్పి కొంచెము తగ్గగానే రోగి పలక యడుగును. పలకపై వ్రాసినది కాగితమునకు ఎక్కించును. ఆ కాగితములను ఆమె ఏరి భద్రపరచును. పని మాని విశ్రమింపుమని పలక లాగికొనియుండినచో లోకము ఎంత కోల్పోయి యుండెడిదో! రోగికి పథ్యము పెట్టువారు పలువురు గలరు. పలక అందించువారు అరుదు.

1920 జనవరి 12వ తేదీన వీరు హార్డీకి వ్రాసిన తుది లేఖ తాము క్రొత్తగ కనుగొనిన మాక్ తీటా ఫలములను గూర్చినది. ఆ ఫలములకు పదునేడు ఉదాహరణములు అందు గలవు. మరణమునకు మూడు నెలలు ముందు, ఎముకలు తేలిన దేహముతో, ఎవరును అంతకుముందు త్రొక్కని దారిలో వీరు నడచుచుండిరి. ఆ నెలలోనే మెరుగైన వైద్యమునకై మదరాసు తీసికొనివచ్చిరి. నగరమున ప్రసిద్ధ కట్టడములు నిర్మించిన తెలుగు వైశ్య ప్రముఖులు తాటికొండ నంబెరుమాళ్ చెట్టి గారు చేత్‌పట్టునందలి తమ గృహమును ఆశ్రయమిచ్చిరి. మరణమునకు నాలుగు దినములు ముందు వరకును వీరి చేతినుండి పలక జారలేదు. 1920 ఏప్రిల్ 26వ తేదీన ప్రాణము విడిచిరి.

ఇచ్చట ఒక కఠినసత్యమును చెప్పక తప్పదు. సముద్రము దాటినవాడు, రామేశ్వరమున ప్రాయశ్చిత్తము చేసికొనలేదని బంధువులలో పలువురు ఆ శవమును సాగనంపుటకు రాలేదు. ప్రయాణము చేయు శక్తి రోగికి లేదన్న సంగతి వారి మనస్సునకు తట్టలేదు. దహనసంస్కారమునకు ఏర్పాటు చేయించినది నాడు నెల్లూరిలో ఆదరించిన రామచంద్రరావు గారే. కులమను బంధము మనుష్యుని కష్టమున కూడదీయవలెను గాని, కాటికి పోవునపుడు విడిచిపెట్టరాదు. ఏ కులసభయైనను తన్ను తాను ప్రశ్నించుకొనవలసిన ఘట్టమిది.

రామానుజన్ గారు తుది యేట వ్రాసిన కాగితములు చేతులు మారి, ట్రినిటీ కళాశాల గ్రంథాలయమున చేరి మరుగుపడెను. 1976లో జార్జి ఆండ్రూసు అను అమెరికా పండితుడు వానిని వెలికి తీసెను. వందకు పైబడిన ఆ పత్రములలో సుమారు 600 సూత్రములు గలవు. 1987లో అవి భారతదేశమున అచ్చుపడినవి. మాక్ తీటా ఫలముల మర్మమును 2002లో జ్వేగర్సు అను డచ్చి యువకుడు విప్పెను. అనగా ఎనుబదిరెండేండ్లు గడచెను. వీరి జన్మదినమగు డిసెంబరు 22ను జాతీయ గణిత దినముగ భారత ప్రభుత్వము 2011లో ప్రకటించెను. భర్త పోయిన పిమ్మట జానకి అమ్మాళ్ విశ్వవిద్యాలయ మిచ్చిన నెలకు 20 రూపాయల భరణముతోను, తాము నేర్చిన కుట్టుపనితోను జీవించి, ఒక బాలుని పెంచి పెద్దచేసి, 1994లో కాలధర్మము నొందిరి. ఆ సంవత్సరముననే యంగు అను పరిశోధకుడు పాత వైద్యపత్రములను పరిశీలించి, వీరికి వచ్చినది క్షయ కాదనియు, మునుపటి రక్తగ్రహణి శేషము కాలేయమునకు సోకుటచే గలిగిన వ్యాధి యనియు, ఆ నాడే గుర్తించియుండిన నయమగుటకు అవకాశము గలదనియు అభిప్రాయపడెను.

ఈ తుదిమాట మనసును కలచును. కావుననే రోగము వరమని, అది వీరిని గొప్పవానిగ చేసెనని మేము చెప్పజాలము. రోగము రోగమే, అది దేశమునుండి ఒక మహామేధను దొంగిలించినది. అయినను దొంగ చేతికి అందనిది కొంత మిగిలెను. తాము చేయగల పనియందు ప్రీతి, తమకు చేయబడిన మేలుయొక్క జ్ఞాపకము, తమవంటి స్థితిలో నున్న పరులయందు దృష్టి: ఈ మూటిని వ్యాధి తాకజాలలేదు. 1918లో ఆశ విడిచినవాడు 1919లో పేదపిల్లల జీతములను గూర్చి వ్రాయగలిగినది ఈ మూటి బలముననే.

వీరివలె గణితము చేయుట మనకు సాధ్యము కాదు. కాని రిజిస్ట్రారు గారికి వ్రాసిన ఆ లేఖను ఏ గుమాస్తాయైనను, ఏ రైతుబిడ్డయైనను వ్రాయవచ్చును. దానికి మేధ యక్కరలేదు, లెక్క చాలును. మన సంఘ సోదరులలో యౌవనముననే తీరని వ్యాధిచే పీడింపబడువారు ఉన్న యిండ్లవారు, రోగి మంచము ప్రక్క మందుతో పాటు వారి పనికి తగిన పలకనుకూడ ఉంచుదురు గాక. ఆరోగ్యము గలిగి ధనము గలిగిన పెద్దలు, విద్యార్థి నిధి పుస్తకము తమ ముందునకు వచ్చినప్పుడు, మాకు కావలసినది పోగా మిగిలినది ఎవరిదని ఒక్కసారి లెక్క వేసికొందురు గాక. జీతము కట్టలేక ఇల్లు విడిచిపోవు బాలుడు మన ఊళ్ళలో మరియొకడు ఉండకుండుగాక.